255.255.255.255 తప్పు కాదురా అబ్బాయ్

మొన్న ఆదివారం పొద్దున్నే మా పిన్ని కొడుకు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. వాళ్లింట్లో కొత్తగా పెట్టించుకున్న ఫైబర్ కనెక్షన్, దాని రూటర్ పేజీ. సబ్‌నెట్ మాస్క్ దగ్గర ఎర్రగా సున్నా చుట్టాడు. "అన్నయ్యా, మాస్క్ 255.255.255.255 అంట, 255.255.255.0 ఉండాలి కదా? వీళ్లు తప్పు కొట్టారు, అందుకే సగం సైట్లు ఓపెన్ అవట్లేదు. కంప్లయింట్ పెట్టనా?"

నవ్వొచ్చింది. వాణ్ని చూసి కాదు, నన్ను చూసుకుని. 2003లో నేనూ ఇదే ప్రశ్న వేశాను, కాకపోతే వాట్సాప్‌లో కాదు, విజయవాడ నుంచి హైదరాబాద్‌కి ఎస్టీడీ చేసి మరీ. అవతల ఫోనెత్తినాయన "అది అంతేనయ్యా" అని పెట్టేశాడు. ఎందుకంతేనో ఎవరూ చెప్పలేదు, నాకు అర్థమయ్యేసరికి మూడు వారాలు పట్టింది. వాడికి ఫోన్లో చెప్పిందే కాస్త తీరిగ్గా ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఫోన్ లైన్ మీద మోడెమ్‌తో నెట్‌కి డయల్ చేసే డయలప్ పోయింది గానీ దాని లోపలున్న పీపీపీ (పాయింట్ టు పాయింట్ ప్రోటోకాల్, ఇద్దరి మధ్య మాటలు నడిపే పద్ధతి) పోలేదు, మీ ఇంటి ఫైబర్‌లో పీపీపీఓఈ, అంటే ఈథర్నెట్ మీద నడిచే పీపీపీ అనే వేషంలో చాలాచోట్ల ఇంకా బతికే ఉంది.

ముందు మాస్క్ ఎందుకుందో చూద్దాం. లాన్‌లో, అంటే ఇంట్లోనో ఆఫీసులోనో కంప్యూటర్లు కలిపిన నెట్‌వర్క్‌లో, మీ కంప్యూటర్ 192.168.0.5 అనుకోండి, మాస్క్ 255.255.255.0. ఎవరికైనా ప్యాకెట్ (డేటా ముక్క) పంపాలంటే అది వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఈ మనిషి మా వీధిలోనే ఉన్నాడా, బయట ఊరివాడా? మాస్క్ అడ్డం పెట్టి తన అడ్రస్‌నీ అవతలి అడ్రస్‌నీ పోల్చి చూసుకుంటుంది, మాస్క్‌లో 255 ఉన్న చోట్ల నంబర్లు కలిస్తే ఒకే వీధి. 192.168.0.7 అయితే మన వీధే, కాబట్టి "192.168.0.7 ఎవరండీ?" అని వీధి మొత్తానికి వినపడేలా ఒక కేక వేస్తుంది, దాన్నే ఆర్ప్ అంటారు, ఆ అడ్రస్ ఉన్న నెట్‌వర్క్ కార్డు "నేనే" అని తన మ్యాక్ అడ్రస్, అంటే కార్డుకుండే సొంత నంబర్, చెబుతుంది. 10.1.5.20 అయితే మన వీధి కాదు, బయటికి దారి చూపే గేట్‌వే చేతిలో పెట్టి వదిలేస్తుంది. మాస్క్ పని ఇంతే. కేక వెయ్యాలా, గేట్‌వేకి ఇవ్వాలా అన్నది తేల్చడం.

ఇప్పుడు డయలప్‌కి రండి. చిన్నప్పుడు రెండు అగ్గిపెట్టెలకి దారం కట్టి ఫోన్ ఆడుకోని వాళ్లుండరు. దారానికి ఈ చివర మీరు, ఆ చివర మీ తమ్ముడు. మీరు అగ్గిపెట్టెలో మాట్లాడేటప్పుడు "ఇది ఎవరికి" అని చెప్పాల్సిన పని ఉందా? దారానికి అవతల ఉన్నదే ఒక్కడు. కేక వెయ్యడానికి వీధే లేదు. పాయింట్ టు పాయింట్ అంటే ఆ దారమే. ఆర్ప్ లేదు, మ్యాక్ అడ్రస్ లేదు. పీపీపీ ఫ్రేములో, అంటే డేటా పెట్టి పంపే కవరులో, పేరుకి ఒక అడ్రస్ బైటు ఉంటుంది గానీ అందులో ఎనిమిది బిట్లూ ఎప్పుడూ ఒకట్లే, అంటే "ఎవరైనా సరే" అని. దాన్నీ దాని పక్కనున్న కంట్రోల్ బైటునీ కూడా దండగ అనుకుంటే రెండు వైపులా ఒప్పుకుని తీసేసుకోవచ్చు. 28,800 స్పీడు వస్తే పండగ చేసుకున్న రోజుల్లో రెండు బైట్లంటే రెండు బైట్లే మరి.

ఆ ఒప్పందాలు జరిగే తీరు నాకు భలే ఇష్టం. మోడెమ్‌ల కీచు కీచు అయిపోయాక, పాస్‌వర్డ్ సరిపోయాక, ఐపీసీపీ అనే బేరం మొదలవుతుంది, ఐపీ అడ్రస్ తేల్చుకునేది అక్కడే. దాని సంగతులు 1992లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1332లో ఉన్నాయి (ఇంటర్నెట్ పద్ధతులు రాసిపెట్టే పత్రాల్ని ఆర్‌ఎఫ్‌సీలంటారు). మీ కంప్యూటర్ "నాకు 0.0.0.0 అడ్రస్ కావాలి" అని అడుగుతుంది. అంటే నాకేం తెలీదు, నువ్వే ఏదో ఒకటి ఇయ్యి అని. అవతలి సర్వర్ "కుదరదు, కావాలంటే ఈ నంబర్ తీసుకో" అంటుంది. మనం మళ్లీ ఆ నంబరే అడుగుతాం, "సరే" అంటుంది. రైతుబజార్లో వంకాయల బేరం కూడా ఇంతకంటే పెద్దగా సాగుతుంది. సైట్ పేరు చెబితే నంబర్ చెప్పే డీఎన్ఎస్ సర్వర్ అడ్రసులు ఇచ్చే ఏర్పాటు కూడా మొదట్లో లేదు, 1995లో ఆర్‌ఎఫ్‌సీ 1877తో వచ్చి చేరింది. ఇక మాస్క్ అంటారా, ఆ బేరం మొత్తంలో దాని మాటే రాదు. అడగడానికి ఒక గడి కూడా పెట్టలేదు వాళ్లు. మర్చిపోయి కాదు, దానికి పనిలేదు గనక.

కానీ విండోస్‌లో మాస్క్ అని ఒక గడి ఉంది కదా, అందులో ఏదో ఒకటి చూపించాలి. విండోస్ 98 ఏం చేసేదంటే, అడ్రస్ మొదటి నంబర్‌ని బట్టి నెట్‌వర్క్ ఎంత పెద్దదో ఊహించే పాతకాలపు క్లాసుల లెక్క తీసి, అడ్రస్ 61తో మొదలైతే క్లాస్ ఏ కాబట్టి 255.0.0.0 అనీ, 202తో మొదలైతే క్లాస్ సీ కాబట్టి 255.255.255.0 అనీ తనే రాసేసుకునేది. ఎవరూ ఇవ్వని మాస్క్ అది, సొంత ఊహ. అయినా పని జరిగిపోయేది, ఎందుకంటే వీధివాడైనా బయటివాడైనా ప్యాకెట్ వెళ్లాల్సింది ఆ ఒక్క దారం మీదుగానే. విండోస్ 2000కి వచ్చేసరికి నిజం ఒప్పుకుని 255.255.255.255 అని చూపించడం మొదలెట్టింది. "నా వీధిలో నేను తప్ప ఎవరూ లేరు" అని దానర్థం. దాంతోపాటు గేట్‌వే దగ్గర కూడా మన అడ్రసే వేసేది. నాకు మొట్టమొదట మతి పోయింది అక్కడే. నా గేట్‌వే నేనేంటి? నాలోంచి నాలోకి ఎక్కడికి పోతాను? తీరా చూస్తే అది విండోస్ రాత, అంతే. "ఈ అడ్రస్ ఉన్న ఇంటర్‌ఫేస్‌లోంచి బయటకి తోసెయ్యి" అనడానికి అలా రాసుకుంది.

సరే, విజయవాడ కథ. గవర్నరుపేటలో ఒక పురుగుమందుల డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు, ఆరు కంప్యూటర్లు, కేబుల్ ఇంటర్నెట్ ఒకటి. నేను వారానికి రెండుసార్లు వెళ్లి చూసిపెట్టేవాణ్ని. అకౌంటెంట్ గారి కంప్యూటర్‌కి మాత్రం అదనంగా మోడెమ్ ఉండేది. రోజూ సాయంత్రం దాంతో హైదరాబాద్ హెడ్డాఫీసుకి డయల్ చేసి, అక్కడున్న సర్వర్‌లో స్టాక్ ఎక్కించాలి. విండోస్ 2000 మెషీన్. మొదటి రోజే ఆయన ఫోన్: "ఏం బాబూ, స్టాక్ పెడితే మెయిల్ ఆగిపోతోంది, మెయిల్ కావాలంటే స్టాక్ కట్ చెయ్యాల్సొస్తోంది. ఎస్టీడీ బిల్లు ఎవరు కడతారు?"

వెళ్లి రూట్ ప్రింట్ (ఏ ప్యాకెట్ ఏ దారిన పోవాలో చూపించే కమాండ్) కొట్టి చూశాను. డయల్ చెయ్యక ముందు డిఫాల్ట్ రూట్, అంటే వేరే దారి రాసిలేని ప్యాకెట్లన్నీ వెళ్లే దారి, ఒకటే, కేబుల్ వాళ్ల వైపు, 192.168.0.1, మెట్రిక్ 1 (మెట్రిక్ ఎంత తక్కువైతే ఆ దారికి అంత ముందు వరస). డయల్ చేశాక రెండు. కొత్తగా వచ్చిన మోడెమ్ రూట్‌కి మెట్రిక్ 1, పాపం పాతదాన్ని 2కి తోసేసింది. కొత్త అల్లుడొస్తే పాత అల్లుడి మంచం అరుగు మీదకి పోయినట్టు. దాంతో మెయిల్ కూడా హైదరాబాద్ వైపే పరుగెత్తుతోంది, అక్కడ వాళ్లు ఇంటర్నెట్‌కి దారి ఇవ్వరు, అక్కడితో ఆగిపోతోంది.

దీనికి మందు అప్పటికే నాకు తెలుసు. కనెక్షన్ ప్రాపర్టీస్‌లో టీసీపీఐపీ, అందులో అడ్వాన్స్‌డ్, అక్కడ "యూజ్ డిఫాల్ట్ గేట్‌వే ఆన్ రిమోట్ నెట్‌వర్క్" అని ఒక టిక్కు. తీసేశాను. మళ్లీ డయల్ చేశాం. మెయిల్ గలగలా వచ్చింది. అకౌంటెంట్ గారు టీ తెప్పించారు. టీ సగం తాగేలోపు ఆయన స్టాక్ ప్రోగ్రాం తెరిచారు, అది తెరుచుకోలేదు.

ఇక్కడే నేను మూడు వారాలు ఇరుక్కున్నది. డయల్ అయింది, మాకు 192.168.50.14 అని అడ్రస్ వచ్చింది. అవతల మా ఫోన్ ఎత్తే డయలిన్ సర్వర్ 192.168.50.1, దానికి పింగ్ (ఉన్నావా అని అడిగి చూసే పలకరింపు) పోతోంది. స్టాక్ సర్వర్ 10.1.5.20, దానికి పోవట్లేదు. మాస్క్ చూస్తే 255.255.255.255. ఇంకేం, దొంగ దొరికాడనుకున్నాను. హెడ్డాఫీసు వాళ్లు మాస్క్ తప్పు ఇస్తున్నారని ఫోన్ చేసి నేను వాదించింది ఆ రోజే, "అంతేనయ్యా" అనిపించుకుంది ఆ రోజే.

ఆ తర్వాత ట్రేసర్ట్ (ప్యాకెట్ దారిలో మజిలీలన్నీ చూపించే కమాండ్) కొట్టాను, 10.1.5.20కి. మొదటి మజిలీ 192.168.0.1 అని వచ్చింది. హైదరాబాద్ స్టాక్ సర్వర్ కోసం బయల్దేరిన ప్యాకెట్ విజయవాడ కేబుల్ వాళ్లింటికి వెళ్లి నిలబడుతోంది! మాస్క్‌ది కాదు తప్పు. 10తో మొదలయ్యేవాళ్లు మోడెమ్ అవతల ఉన్నారని నా కంప్యూటర్‌కి ఎవరూ చెప్పలేదు. ఆ టిక్కు తీసేస్తే విండోస్ ఏం చేస్తుందంటే, డిఫాల్ట్ రూట్ వెయ్యదు, దానికి బదులు తనకొచ్చిన అడ్రస్‌ని చూసి మళ్లీ ఆ పాత క్లాసుల లెక్కే తీస్తుంది. 192 అంటే క్లాస్ సీ, కాబట్టి 192.168.50.0 నుంచి 192.168.50.255 వరకు మోడెమ్ వైపు, మిగతా లోకమంతా కేబుల్ వైపు. గడిలో 255.255.255.255 చూపిస్తూనే వెనక రూటింగ్ టేబుల్లో 255.255.255.0 వాడుకుంటోంది. చెప్పేదొకటి, చేసేదొకటి.

అయితే మనమే చెబుదాం అనుకున్నాను. రూట్ యాడ్ 10.1.0.0, మాస్క్ 255.255.0.0, గేట్‌వే దగ్గర మా డయలప్ అడ్రస్ 192.168.50.14. స్టాక్ తెరుచుకుంది, మెయిల్ కూడా నడుస్తోంది. బ్రహ్మాండం. మర్నాడు మళ్లీ ఫోన్. మర్నాడు డయల్ చేస్తే 14 కాదు, 22 వచ్చింది. ప్రతిసారీ కొత్త నంబర్, పాత నంబర్‌తో వేసిన రూట్ చెల్లదు. అందుకని ఆ రూట్ కమాండ్‌తో ఒక బ్యాచ్ ఫైల్ రాసిచ్చి, అడ్రస్ చూపించే ఐపీకాన్ఫిగ్ కమాండ్ కొట్టి చివరి నంబర్ చూసుకుని అందులో కొట్టమని అకౌంటెంట్ గారికి నేర్పించాను. ఆయన కళ్లద్దాలు తెచ్చుకోవడం మర్చిపోయిన రోజున నాకు ఫోన్ చేసి స్క్రీన్ మీదున్నది చదివేవారు, నేను రాసుకుని ఏం కొట్టాలో తిరిగి చెప్పాలి. ఒకరోజు ఆయన ఫోర్టీన్ అన్నారు, నాకు ఫార్టీ అని వినపడింది. 40 కొట్టించాను. గేట్‌వే ఈ నెట్‌వర్క్‌లో లేదని ఎర్రర్. పది నిమిషాలు ఇద్దరం కుస్తీ పట్టాం, అవతల ఎస్టీడీ మీటర్ తిరుగుతూనే ఉంది. "బాబూ, నువ్వు నిన్ననే బాగుచేశావు కదా" అన్నారాయన చివరికి, కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు. ఆ మాట బాగా గుచ్చుకుంది.

దారి చూపించింది హెడ్డాఫీసుకి కొత్తగా వచ్చిన ఒకతను. డయలిన్ వాళ్లకి ఇచ్చే అడ్రసుల గుంపుని 192.168.50 నుంచి 10.1.200కి మార్చేశాడు. ఒక్క మార్పు, అంతే. ఇప్పుడు మాకు 10.1.200.14 లాంటిది వస్తుంది, విండోస్ "ఓహో 10, క్లాస్ ఏ" అనుకుని 10తో మొదలయ్యే ప్రపంచం మొత్తాన్నీ మోడెమ్ వైపు తిప్పేస్తుంది, స్టాక్ సర్వర్ అందులోనే ఉంది. ఏ మూర్ఖపు లెక్క వల్ల మూడు వారాలు నలిగిపోయానో, ఆ లెక్కనే మా పనికి వాడేశాడు. బ్యాచ్ ఫైల్ చెత్తబుట్టలోకి పోయింది.

ఇందులో ఇంకో అందం ఉంది, చాలామంది అటు చూడరు. వెళ్లే దారి సరే, తిరిగొచ్చే దారి? స్టాక్ సర్వర్ 10.1.5.20, దాని మాస్క్ 255.255.0.0. దాని దృష్టిలో 10.1.200.14 అంటే తన వీధివాడే. కాబట్టి గేట్‌వేకి ఇవ్వదు, వీధిలో నిలబడి కేక వేస్తుంది: "10.1.200.14 ఎవరండీ?" మేమేమో విజయవాడలో ఫోన్ వైరుకి అవతల, ఆ కేక మాకెక్కడ వినపడుతుంది? అప్పుడు డయలిన్ సర్వర్ మధ్యలో దూరి "నేనే, ఇటివ్వండి" అంటుంది. కొరియర్ వాడొస్తే పక్కింటి పిన్నిగారు "వాళ్లు ఊళ్లో లేరు నాయనా, నాకిచ్చెయ్, నేనిస్తాలే" అని సంతకం పెట్టినట్టు. దాన్నే ప్రాక్సీ ఆర్ప్ అంటారు. చూడండి, మాస్క్ అసలు పనిచేసింది మా వైపు కాదు, ఆ దారంతో సంబంధమే లేని అవతలి లాన్‌లో. నేను మూడు వారాలు తప్పు చివర వెతికాను.

లైనక్స్ గుణం దీనికి పూర్తిగా వ్యతిరేకం, అది కూడా చెప్పెయ్యాలి. అదే ఏడాది నా గదిలో రెడ్‌హ్యాట్ 9 అనే లైనక్స్ పెట్టుకుని డయలప్ చేస్తే కనెక్ట్ అవుతోంది, అవతలి చివరకి పింగ్ పోతోంది, ఒక్క సైటూ రావట్లేదు. లాగ్‌లో చూస్తే, పీపీపీ నడిపే పీపీపీడీ అనే ప్రోగ్రాం ఒక వాక్యం రాసిపెట్టింది: ఈథర్నెట్ వైపు ఇప్పటికే ఒక డిఫాల్ట్ రూట్ ఉంది, దాన్ని నేను మార్చట్లేదు, అని. ఎప్పుడో స్నేహితుడి కంప్యూటర్‌తో కలపడానికి పెట్టిన గేట్‌వే, కేబుల్ తీసేసినా సెట్టింగ్ అలాగే ఉండిపోయింది. విండోస్ అయితే పాతవాణ్ని పక్కకి తోసి కూర్చుంటుంది. లైనక్స్ మర్యాదస్తుడు, కుర్చీలో ఎవరో ఉన్నారు కదా అని గుమ్మం దగ్గరే నిలబడిపోతుంది, ఆ సంగతి మనతో చెప్పకుండా డైరీలో రాసుకుంటుంది. పాత రూట్ తీసేసి మళ్లీ డయల్ చేస్తే అన్నీ వచ్చాయి. అవతలి చివరకి పింగ్ ఎందుకు పోయిందంటే, పీపీపీ లేవగానే ఆ ఒక్క అడ్రస్‌కి 255.255.255.255 మాస్క్‌తో ఒక రూట్ పడుతుంది. ఎంత ఇరుకైన మాస్క్ ఉంటే అంత ముందు వరస, రూటింగ్‌లో అదే పద్ధతి. డిఫాల్ట్ రూట్‌ది అందరికంటే చివరి కుర్చీ.

తర్వాత్తర్వాత ఉద్యోగంలో లీజ్డ్ లైన్లు (రెండు చోట్ల మధ్య అద్దెకి తీసుకునే సొంత లైన్లు) చూశాను, అక్కడ రెండు రూటర్ల మధ్య దారానికి నాలుగేసి అడ్రసులు ఖర్చు పెట్టేవాళ్లు, వాడేవి రెండే, మొదటిదీ చివరిదీ ఆనవాయితీకి వదిలెయ్యడం. అప్పటికే, 2000 డిసెంబర్‌లోనే ఆర్‌ఎఫ్‌సీ 3021 వచ్చి, ఇద్దరే ఉన్నచోట రెండు చాలు కదా అంది. అయినా మా దగ్గర చాలా ఏళ్లు నాలుగే రాశాం, అలవాటు.

ఆ క్లాసుల లెక్క కూడా ఎక్కడికీ పోలేదు. ఇవాళ ఆఫీసు వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి దారి) పెట్టుకునే వాళ్లు విండోస్‌లో ఆ టిక్కు తీస్తే జరిగేది అదే తంతు. విస్టా నుంచి ఆ టిక్కు పక్కనే, క్లాసు లెక్కన రూట్ వెయ్యొద్దని చెప్పడానికి ఇంకో టిక్కు పెట్టారు. ఇప్పుడైతే వీపీఎన్ పేరు మీదే రూట్ రాసిపెట్టుకోవచ్చు, రోజూ అడ్రస్ చూసి కొట్టక్కర్లేదు. అకౌంటెంట్ గారికి అప్పుడది ఉండుంటే బాగుండేది.

ఇదంతా ఫోన్లో విన్నాక మా తమ్ముడు "సరే అన్నయ్యా, మాస్క్ కరెక్టే, మరి సగం సైట్లు ఎందుకు రావట్లేదు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఏ సైట్లురా అంటే, బ్యాంకు లాగిన్ పేజీ తెల్లగా తిరుగుతూ ఉండిపోతోంది, ఇంకో రెండు అలాగే, యూట్యూబ్ మాత్రం శుభ్రంగా వస్తోంది. ఎంటీయూ, అంటే ఒక్కో ప్యాకెట్ ఎన్ని బైట్ల వరకు ఉండొచ్చో చెప్పే నంబర్, ఎంతుందో చూడమన్నాను. 1500 ఉంది. ఎవరు పెట్టార్రా అంటే కాసేపు మాట్లాడలేదు. స్పీడ్ పెంచుకోవడం ఎలా అని ఏదో వీడియో చూసి వాడే మార్చాడట, అదే పేజీలో ఇంకేదో టిక్కు కూడా తీశాడట. ఈథర్నెట్ మీద 1500 బైట్లు పడతాయి, కానీ పీపీపీఓఈ తన తలపాగా కోసం అందులో 8 తీసుకుంటుంది, మిగిలేది 1492. నిండా 1500 ఉన్న ప్యాకెట్లు ఆ దారంలో పట్టవు, పట్టలేదన్న కబురు కొన్ని సైట్లకి చేరదు, అవి పంపిందే పంపుతూ కూర్చుంటాయి.

1492 పెట్టి, తీసిన టిక్కు మళ్లీ పెట్టి, సేవ్ కొట్టమన్నాను. రూటర్ లేచేవరకూ ఇద్దరం ఫోన్లోనే ఉన్నాం, పిన్ని వెనకనుంచి సీరియల్ ఆగిపోయిందని అరుస్తోంది. బ్యాంకు పేజీ వచ్చింది.

"మరి ఆ మాస్క్, అన్నయ్యా?"

"దాని జోలికి వెళ్లకురా."